మేడమీది చిరుపక్షులు

ఉదయం ఆరు గంటల వేళ అశోక్‌నగర్ వీధులలో ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు పుస్తకాల సంచులు భుజాన వేసుకొని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం వైపు నడుస్తుంటారు. ఆటోల రొద ఇంకా మొదలుకాని ఆ కొద్దిసేపు చెవియొగ్గి విన్నవారికి ఏదో ఒక మేడమీద నుండి పసిపిల్లల ఆటబాకాను ఊదినట్లు ఒక సన్నని ధ్వని వినిపిస్తుంది. అది పిచ్చుక కూత కాదు. పిచ్చుక కంటే చిన్నదైన, సుమారు 12 గ్రాముల బరువు మాత్రమే తూగే జీబ్రా ఫించ్ తన జంటపక్షిని పిలిచే పిలుపు.

ఒకప్పుడు చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాలలో పెరడు ఉన్న ఇండ్లు ఎక్కువ. పెరటి చెట్లు పోయి అపార్టుమెంట్లు వచ్చిన తరువాత, పక్షిని దగ్గరగా చూడాలన్న కోరిక మేడమీదికి ఎక్కింది. నాలుగు గోడల నడుమ బ్రతికే మనిషికి ఇది సహజమైన కోరికే. కాని కోరిక మనది, ప్రాణం పక్షిది. అందువలన ముందుగా ఏ పక్షిని పెంచవచ్చునో, ఏ పక్షిని పెంచరాదో తెలుసుకోవాలి.

జీబ్రా ఫించ్ స్వస్థలం ఆస్ట్రేలియా. మగపక్షికి బుగ్గలపై నారింజరంగు మచ్చలు, రొమ్ముపై నల్లని పట్టె, ఎర్రని ముక్కు ఉంటాయి. ఆడపక్షి బూడిదరంగులో నిరాడంబరంగా ఉంటుంది. బెంగాలీ ఫించ్ పేరులో బెంగాల్ ఉన్నా, అది జపాను దేశంలో సుమారు రెండున్నర శతాబ్దాల పెంపకంలో రూపొందిన పక్షి. ఇందులో ఆడ, మగ ఒకే తీరుగా ఉంటాయి; పాట పాడేదే మగపక్షి అని గుర్తించవలసిందే. గోల్డియన్ ఫించ్ ఇంద్రధనుస్సును కప్పుకొన్నట్లుంటుంది. 1844లో దీనిని వర్ణించిన జాన్ గోల్డ్, తన భార్య, చిత్రకారిణి అయిన ఎలిజబెత్ జ్ఞాపకార్థం దీనికి ఆ పేరు పెట్టాడు.

ఈ కుటుంబానికి చెందిన పక్షులు మన పొలాలలోనూ ఉన్నాయి. అవే జీనువాయి పిట్టలు. వరి, జొన్న చేలపై గుంపులుగా వాలే ఈ పిట్టలను మునియాలని కూడా అంటారు. వీటిలో ఎర్రనిదానికి ఇంగ్లీషువారు ‘అవడవాట్’ అని పేరు పెట్టారు. అహమ్మదాబాదు నుండి ఈ పక్షులు ఐరోపాకు ఎగుమతి అయ్యేవి. ఆ నగరం పేరే వారి నోట అలా మారింది. వలలలో చిక్కి, ఇరుకు బుట్టలలో ఊపిరాడక దారిలోనే మరణించిన పిట్టలకు లెక్క లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తరువాత 1990-91లో వచ్చిన నిషేధం వలన మన దేశపు అడవిపక్షుల వ్యాపారం నేరమైంది. అయినా కొందరు మునియాలకు రంగులు పూసి, విదేశీ పక్షులని చెప్పి అమ్ముతుంటారు. మొదటి స్నానంతోనే ఆ విదేశీయత నీటిలో కలిసిపోతుంది! పెంపకందారుల ఇంట పుట్టిన జీబ్రా, బెంగాలీ ఫించ్‌లను మాత్రమే తెచ్చుకోవడం మంచిది.

ఫించ్ నిలువుగా ఎగరదు. కొమ్మ నుండి కొమ్మకు అడ్డంగా ఎగురుతుంది. కనుక గూటికి ఎత్తు కంటే పొడవు ముఖ్యం. అంగళ్ళలో వేలాడే గుండ్రని అలంకార పంజరం మన కంటికే అందం; అందులో ఫించ్ తిన్నగా నాలుగుసార్లు రెక్కలాడించలేదు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల జాలీగది నాలుగైదు జంటలకు చాలు. జాలీ కన్ను అర అంగుళానికి మించరాదు. మించితే ఎలుక దూరుతుంది. సగం కప్పు, సగం ఆకాశం ఉండాలి. తలుపు వెనుక మరొక తలుపు పెట్టాలి. మొదటిది తెరిచినప్పుడు తప్పించుకొన్న పక్షి రెండవదాని దగ్గర ఆగుతుంది. పంజరంలో పుట్టిన పక్షిని వదలివేయడం పుణ్యమని తలచేవారు ఉన్నారు. మేత వెదకడం, కాకి నుండి తప్పించుకోవడం నేర్వని ఆ పక్షి నగరంలో ఎక్కువ రోజులు బ్రతకదు.

కొర్రలు, సామలు, వరిగలు వీటి ప్రధానాహారం. తెలుగునేలపై అనాదిగా పండే ఈ చిరుధాన్యాలు ఆస్ట్రేలియా పక్షికి ఇంత చక్కగా సరిపోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఫించ్ గింజను ముక్కుతో తిప్పి, పొట్టు ఒలిచి, పప్పు మాత్రమే మింగి, పొట్టును మళ్ళీ గిన్నెలోనే వదులుతుంది. సాయంత్రానికి గిన్నె నిండుగానే కనిపిస్తుంది. కాని అది గింజల గిన్నె కాదు, పొట్టు గిన్నె. ఇంత చిన్న దేహంలో నిలువ ఉండే శక్తి అత్యల్పం. ఒక్కరోజు పస్తు దాని ప్రాణం తీయగలదు. నిండు గిన్నె ముందు ఆకలితో మరణించిన ఫించ్‌లు ఎన్నో. ప్రతి ఉదయం గిన్నెపై ఒకసారి మెల్లగా ఊదితే నిజం తెలుస్తుంది.

గూటి కోసం పక్కకు మూతి ఉన్న చిన్న మట్టికుండలు కట్టి, కొబ్బరిపీచును పొట్టిగా కత్తిరించి వేయాలి. పొడుగు పోగులు కాళ్ళకు చుట్టుకొంటాయి. జీబ్రా ఫించ్ రోజుకు ఒకటి చొప్పున నాలుగు నుండి ఆరు గుడ్లు పెడుతుంది. తల్లీతండ్రీ వంతుల వారీగా పొదుగుతాయి. 12 నుండి 14 రోజులలో పిల్లలు పుడతాయి. సుమారు మూడు వారాలకు గూడు వదలి వస్తాయి. మరి రెండు వారాలు తల్లిదండ్రులే మేత పెడతాయి. ఆ రోజులలో ఉడికించిన గుడ్డు తురుము, లేత ఆకుకూర ఇవ్వాలి.

మేత, గూడు ఉన్నంతకాలం ఈ పక్షి గుడ్లు పెట్టడం ఆపదు. ఒక్కొక్క గుడ్డు సుమారు ఒక గ్రాము. 12 గ్రాముల తల్లి ఐదు గుడ్లు పెట్టిందంటే తన బరువులో దాదాపు సగం ఇచ్చివేసిందన్నమాట! గుడ్డు పెంకుకు కావలసిన సున్నం ఆహారంలో చాలకపోతే తన ఎముకల నుండే తీసుకొంటుంది. మొదటి సంవత్సరం పిల్లలు పెరగడం చూసి మురిసి, నేను కుండలు తీయలేదు. వరుసగా నాలుగవ ఈతలో ఒక ఆడపక్షి గుడ్డు బయటికి రాక, ఈకలు ఉబ్బించుకొని నేలపై కూర్చుంది. వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలని అరచేతిలో పెట్టుకొని మెట్లు దిగుతుండగానే దాని ప్రాణం పోయింది. తప్పు పూర్తిగా నాదే. ఆనాటి నుండి జాలీకి సముద్రపు నురుగు ముక్క, పళ్ళెంలో గుడ్డుపెంకుల పొడి లేని రోజు లేదు. రెండు ఈతలు కాగానే కుండలు దింపుతున్నాను.

మగపిల్ల పాటను తండ్రి నుండి నేర్చుకొంటుంది. మొదట వింటుంది, తరువాత తడబడుతూ అనుకరిస్తుంది. సుమారు 90 రోజులకు పాట స్థిరపడుతుంది. ఆపై జీవితాంతం అదే పాట. గోల్డియన్ ఫించ్ వంటి ఖరీదైన పక్షుల గుడ్లను బెంగాలీ ఫించ్‌ల క్రింద పెట్టి పిల్లలను తీయడం వ్యాపారంలో మామూలే. బెంగాలీ ఫించ్ ఎవరి పిల్లనైనా సాకుతుంది. కాని 1960లలో క్లాస్ ఇమ్మెల్మన్ అనే జర్మను శాస్త్రవేత్త జీబ్రా ఫించ్ పిల్లలను ఈ విధంగా పెంచి చూసినప్పుడు, అవి పెంపుడు తండ్రి పాటనే నేర్చుకొన్నాయి. పెద్దవై, సొంతజాతి ఆడపక్షులను కాదని బెంగాలీ ఆడపక్షులనే కోరుకొన్నాయి. పిల్ల బ్రతికింది, కాని తన జాతిలో పరాయిదైంది. అనాథగా మిగిలిన పిల్లకు తప్ప, గుడ్ల సంఖ్య పెంచుకోవడానికి ఈ పద్ధతిని అనుసరించడం నాకు సమ్మతం కాదు.

ఒకే గూటి పిల్లలను జత కలిపితే సంతతి బలహీనమవుతుంది. కాలికి రంగు ఉంగరం వేసి, పుట్టిన తేదీ పుస్తకంలో వ్రాసుకొంటే ఈ పొరపాటు జరగదు. అశోక్‌నగర్‌లో పుట్టిన మగపక్షికి నారాయణగూడలో సంబంధం కుదర్చడం మా వాడలో కొత్త కాదు. కట్నకానుకలు కిలో కొర్రలకు మించవు. వచ్చిన పక్షిని మాత్రం నెలరోజులు వేరుగా ఉంచిన తరువాతే మందలో కలపాలి.

వేసవి అన్నిటికంటే కఠినమైనది. హైదరాబాదులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మేడమీద వేడి మరింత ఎక్కువ. ఎండ ముదిరినప్పుడు జీబ్రా ఫించ్ తల్లిదండ్రులు, పొదుగుడు చివరి రోజులలో గుడ్లకు వినిపించేలా ఒక ప్రత్యేకమైన కూత కూస్తాయని 2016లో ఆస్ట్రేలియాలోని పరిశోధకులు ప్రకటించారు. ఆ కూత విన్న పిల్లలు వేడిగూటిలో తక్కువ బరువుతో పెరిగి, వేడికి తట్టుకొంటాయట. పెంకు పగలకముందే పిల్లకు లోకం వార్త అందుతోందన్నమాట! అయినా ఆ కూతపై భారం వేసి నేను ఊరుకోను. ఏప్రిల్ రాగానే కుండలు దింపి, జాలీకి తడి గోనెపట్టాలు కట్టి, వెడల్పు మట్టిమూకుళ్ళలో రోజుకు మూడుసార్లు నీళ్ళు మారుస్తాను. జూన్‌లో తొలివానలు పడి, కప్పు చల్లబడిన తరువాతే కుండలు మళ్ళీ జాలీకి ఎక్కుతాయి. ఆ మధ్యాహ్నమే మగపక్షి పీచుపోగు ముక్కున కరచుకొని కుండ మూతి దగ్గర వాలుతుంది.