కంటికందని హైడ్రోజను

అన్నపు ముద్దను చాలసేపు నమిలినచో తియ్యదనము తోచును. లాలాజలములోని ఒక ఎంజైము పిండిపదార్థమును చక్కెరగా మార్చుటచే ఆ రుచి కలుగుచున్నది. మన శరీరమున ఇట్టి ఎంజైములు వేలకొలదిగా గలవు. ట్రిప్సిను వానిలో నొకటి. పప్పు, పాలు మొదలగు ఆహారములలోని మాంసకృత్తులను చిన్నప్రేవులలో తునుకలు చేయుట దీని పని.

ఎంజైము ఎట్లు పనిచేయునో తెలియవలెనన్న, అందు ఏ పరమాణువు ఎచ్చట నున్నదో తెలియవలెను. అందులకై శాస్త్రజ్ఞులు ఎంజైమును స్ఫటికముగా పేరుకొనజేసి, దానిపై ఎక్స్-కిరణములను ప్రసరింపజేయుదురు. క్రమముగా అమరిన పరమాణువులను తాకి ఆ కిరణములు కొన్ని దిక్కులకే బలముగా చెదరును. దీనికి వివర్తనమని పేరు. చెదరిన తీరును బట్టి లెక్కలు కట్టి పరమాణువుల స్థానములను గుర్తింతురు. 1965లో లండను నగరమున డేవిడ్ ఫిలిప్స్, ఆయన తోడివారును లైసోజైము నిర్మాణమును ఇట్లే కనుగొనిరి. ఎంజైములలో మొట్టమొదట నిర్మాణము తెలిసినది అదియే.

కాని ఒక లోపము మిగిలెను. ఎక్స్-కిరణములను చెదరగొట్టునవి ఎలక్ట్రానులు. హైడ్రోజను పరమాణువునకున్నది ఒకే ఎలక్ట్రాను. అందుచే కార్బను, ఆక్సిజను పరమాణువుల నడుమ అది పెద్ద దీపముల చెంత మిణుగురు పురుగువలె మరుగుపడును. ఎంజైములోని పరమాణువులలో సుమారు సగము హైడ్రోజనులే గదా!

ఈ లోపము ట్రిప్సిను విషయమున వివాదమునకు దారితీసెను. ట్రిప్సిను మాంసకృత్తును త్రుంచునపుడు, దానిలోని సెరిను అను భాగము తన హైడ్రోజను కేంద్రకమును విడిచిపెట్టును. దానిని గ్రహించునది ప్రక్కనున్న హిస్టిడినా? దాని వెనుకనున్న ఆస్పార్టిక్ ఆమ్లమా? హైడ్రోజను కనబడనిదే ఈ తగవు తీరదు.

దీనిని తీర్చినది న్యూట్రాను. 1932లో చాడ్విక్ కనుగొనిన ఈ కణమునకు విద్యుదావేశము లేదు. అది పరమాణువు యొక్క కేంద్రకమును తాకి చెదరును. కావున దానికి హైడ్రోజను మరుగుపడదు. స్ఫటికమును భారజలమున నానబెట్టినచో, అనేక హైడ్రోజనుల స్థానమున డ్యుటీరియము అను బరువైన హైడ్రోజను చేరును. న్యూట్రానులకు అది ఇంచుమించు కార్బనంత స్పష్టముగా గోచరించును. అయితే న్యూట్రానుల పుంజము మిక్కిలి బలహీనమైనది. అందుచే పెద్ద స్ఫటికమును పెంచవలెను. దినములకొలది ఓపికతో వేచియుండవలెను.

1980లో అమెరికాలో కొసియాకాఫ్, స్పెన్సర్ అను శాస్త్రజ్ఞులు, పని నడుమ ఆగిపోయినట్లుండునట్లు ఒక రసాయనముచే బంధించిన ట్రిప్సినును ఈ మార్గమున పరీక్షించిరి. డ్యుటీరియము హిస్టిడినుపై కనబడెను. ఆస్పార్టిక్ ఆమ్లముపై కనబడలేదు. పదియేండ్లకు పైబడిన సందేహము తీరెను.

ఇది కేవలము పండితుల తగవు గాదు. రోగకారక క్రిముల ఎంజైములను అడ్డుకొను మందులను రూపొందించుటకు ఇట్టి జ్ఞానము అవసరము. 2013లో ఎయిడ్సు వైరసు యొక్క ఒక ఎంజైమును మందు ఎట్లు అంటిపట్టుకొనునో గూడ న్యూట్రానులచే పరిశీలించిరి. పరమాణువులలో కెల్ల తేలికైనదియే ఇచ్చట పెద్ద ప్రశ్నకు ఉత్తరమయ్యెను. కనబడనంత మాత్రమున దేనిని లేనిదానిగా ఎంచరాదు. చూచు సాధనమును వెదకవలెను.