సామాను దిగాక

అమ్మాయీ,

విదేశీ ఉద్యోగులకు ఇక్కడ మకాం కుదిర్చే కంపెనీలో చేరుతున్నావని తెలిసి సంతోషించాను. తామరైపాక్కంలో పెరిగిన నీకు ఈ పని కొత్తేమో గానీ, ఈ ప్రాంతానికి కాదు. 1998లో ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ కార్లు తయారు కావడం మొదలైనప్పటి నుంచి కొరియా కుటుంబాలు చెన్నైకి వస్తూనే ఉన్నాయి. తడ దగ్గర శ్రీసిటీకి జపాన్ వాళ్ళు వచ్చారు, 2019లో కియాతో పెనుకొండ కూడా ఈ వరసలో చేరింది. ఇన్నేళ్ళ రాకపోకలు చూస్తే నాకు తోచేది ఒకటే: సామాను చేర్చడం తేలిక. అసలు కష్టం అది దిగాక మొదలవుతుంది, అదీ ఉద్యోగి వెంట వచ్చిన మనిషికి. ఉద్యోగికి మర్నాటి నుంచే ఆఫీసు, కారు, తన భాష మాట్లాడే తోటివాళ్ళు ఉంటారు. భార్యకో భర్తకో మిగిలేది ఇల్లే. డిపెండెంట్ వీసా మీద జీతానికి పని చేయకూడదు. సొంత ఊళ్ళో ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషికి అది ఎంత బరువో ఆలోచించు. దానికి తోడు సంపులో నీళ్ళెన్ని ఉన్నాయి, మోటారు ఎప్పుడు వేయాలి, లారీ నీళ్ళకు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ నీళ్ళు తాగొచ్చు అన్న బెంగ. మన ఊరి ఆనకట్ట దగ్గర కుశస్థలి నీళ్ళు చోళవరం చెరువుకు మళ్ళి చెన్నైకి పోతాయని నీకు తెలుసు. కొత్తగా వచ్చిన మనిషికి ఆ సంగతులేవీ తెలియవు, అందుకే అపార్టుమెంటులో ఆ మనిషిని మోటారు స్విచ్ దగ్గరికి తీసుకెళ్ళి, సంపు మూత తీసి చూపించు. మీ కంపెనీ రంగుల పుస్తకం చేతిలో పెట్టడం కన్నా అది ఎక్కువ మేలు.

ఇప్పుడన్నీ కొద్ది నెలల మకాములే, ఒంటరిగా వచ్చే కుర్రాళ్ళే, కంపెనీలు ఒక మొత్తం ఇచ్చి మీరే చూసుకోండంటున్నాయి, మిగతాది ఫోన్‌లో దొరుకుతుంది కదా అని నీతో అంటారు. ఖర్చు తగ్గించుకోవాలన్న ఒత్తిడి నిజమే. అయితే మకాం చిన్నదైనంత మాత్రాన చిక్కులు తగ్గవు. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడుంటే పన్ను లెక్క మారిపోతుంది. 180 రోజులు మించిన ఉద్యోగ వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయంలో నమోదు కావాలి. కొరియా, జపాన్‌లతో మనకు సామాజిక భద్రత ఒప్పందాలున్నాయి గనుక స్వదేశం నుంచి ధ్రువపత్రం తెస్తే ఇక్కడ పీఎఫ్ కట్టనక్కర్లేదు, తేకపోతే జీతంలో పెద్ద కోతే. చేతిలో డబ్బున్నా, ఊరు తెలియనివాడు ఇంటి ఓనరు అడిగినంత అడ్వాన్సు ఇచ్చేసి, ఖాళీ చేసేటప్పుడు రాబట్టుకోలేక అవస్థపడతాడు. ఇవన్నీ ముందే చెప్పేవాళ్ళు కావాలి.

నెలాఖరుకు ఎన్ని ఇళ్ళు కుదిర్చావని నిన్ను అడుగుతారు, ఆ లెక్క చెప్పు. మూడో నెలలో మాత్రం ఎవరూ అడగకపోయినా ఆ ఇంటికి ఫోన్ చెయ్యి. ఉద్యోగికి కాదు, పగలంతా ఇంట్లో ఉండే మనిషికి.

మీ పెదనాన్న