గోదావరిలో నీరు ఎవరిది?

పిల్లలూ! గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో పుట్టి, తూర్పుగా 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. పడమటి కనుమలు మేఘాలను అడ్డుకోవడంవల్ల ఎగువన వాన తక్కువ. ఆ కాస్త నీటినీ మహారాష్ట్రలో జాయక్‌వాడి, తెలంగాణలో శ్రీరాంసాగర్ జలాశయాలు నిలిపి పొలాలకు అందిస్తాయి.

మరి దిగువన అంత నీరెక్కడిది? కాళేశ్వరం దగ్గర ప్రాణహిత విదర్భ, మధ్యప్రదేశ్ నీటిని తెస్తుంది. ఆపై ఇంద్రావతి, శబరి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల వాననీటిని తెస్తాయి. ధవళేశ్వరం బ్యారేజీ కింద కోనసీమ వరిచేలు తాగేది ఈ నీరే.

ఎగువన ఎక్కువ వాడితే దిగువన తగ్గుతుంది. అందుకే 1980లో ట్రిబ్యునల్ రాష్ట్రాల మధ్య నీటి పంపకంపై తీర్పు ఇచ్చింది.

బదిలీపై ఏ ఊరు వెళ్లినా పటం తీసి చూడండి: మీ కుళాయి నీరు ఏ నదిది? మీకు దిగువన ఎవరున్నారు?