తెర ముందు నిమిషాలు, మైదానంలో నిమిషాలు

రోజుకు 24 గంటలు, అనగా 1440 నిమిషాలు. ఇందులో నిద్రకు 9 గంటలు, బడికీ రాకపోకలకూ 8 గంటలు, ఇంటిదగ్గర చదువుకు 2 గంటలు, స్నానం, భోజనం, ఇంటి పనులకు మరో 2 గంటలు తీసివేయండి. మిగిలేది 3 గంటలే. ఆటలకైనా, సెల్‌ఫోనుకైనా ఈ 180 నిమిషాల్లోనుంచే ఖర్చు పెట్టాలి. ఫోనుకు రెండున్నర గంటలు పోతే ఆటకు మిగిలేది అరగంట. 5 నుంచి 17 ఏళ్ల వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

శ్రమ ఎందుకు?

కాళ్లలోని రక్తం గురుత్వాకర్షణకు ఎదురెక్కి గుండెను చేరాలి. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగిసి సిరలను నొక్కుతాయి. రక్తం పైకి పోతుంది. సిరల్లోని కవాటాలు దానిని తిరిగి కిందికి జారనివ్వవు. గంటల తరబడి కదలక కూర్చుంటే ఈ పంపు పనిచేయదు. గెంతినప్పుడు, పరుగెత్తినప్పుడు పడే ఒత్తిడివల్లనే ఎముకలు గట్టిపడతాయి. వాటిలో ఖనిజాలు ఎక్కువగా చేరేది మీ వయసులోనే.

బస్సు నేర్పిన పాఠం

లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, 1953లో ఫలితాలు ప్రకటించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్లకన్న, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. మరి కూర్చోవడమే కారణమా? మోరిస్ అక్కడితో ఆగలేదు. వారి యూనిఫాంల కొలతలు తీయించాడు. చిన్నవయసు డ్రైవర్ల నడుము కొలతలు సైతం కండక్టర్లకన్న ఎక్కువ! అంటే ఇద్దరి మధ్య తేడా కొంత ముందునుంచే ఉండవచ్చు. తరువాత ప్రభుత్వోద్యోగులపై జరిపిన పరిశీలనల్లోనూ వ్యాయామం గుండెకు మేలని తేలింది. అయితే రెండు విషయాలు జంటగా కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని వెంటనే అనరాదు.

తప్పు ఫోనుదేనా?

ఇదే పరీక్ష ఫోనుకూ పెట్టాలి. 146 దేశాల్లో 11 నుంచి 17 ఏళ్ల వయసుగల 16 లక్షలమంది విద్యార్థుల వివరాలు 2019లో వెలువడ్డాయి. 2016 నాటికి నూటికి 81 మంది తగినంత శ్రమ చేయడంలేదు. బాలురలో 78 మంది, బాలికలలో 85 మంది. కాని 2001లోనూ పరిస్థితి ఇంచుమించు ఇంతే. ఫేస్‌బుక్ పుట్టింది 2004లో, ఇన్‌స్టాగ్రామ్ 2010లో! కాబట్టి నేరమంతా ఫోనుపై మోపలేము. ఆడుకోవడానికి చోటు లేకపోవడం, ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చివేయడం, ఆడపిల్లలను సాయంత్రం బయటకు పంపకపోవడం కూడా ఆలోచించవలసినవే. ఆడే వీలులేకనే కొందరు ఫోను పట్టుకోవచ్చు.

అలాగని ఫోను నిర్దోషి కాదు. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, పీరియడ్‌కు గంట ఉంటుంది. వేలితో జరిపేకొద్దీ కొత్త బొమ్మలు వచ్చే తెరకు చివర అంటూ లేదు. ఈ పద్ధతిని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తరువాత స్వయంగా దానిని విమర్శించాడు. గంట మోగదు కనుక గంట మనమే కొట్టుకోవాలి.

చేసి చూడండి

నోటు పుస్తకంలో ఏడు రోజులకు ఒక పట్టిక గీయండి. మొదటి గడిలో ఫోను చూసిన నిమిషాలు, రెండవ గడిలో శ్రమచేసిన నిమిషాలు, మూడవ గడిలో ఆడలేకపోయినరోజు అందుకు కారణం రాయండి. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంతగా రొప్పు వస్తేనే శ్రమగా లెక్కించండి. సైకిలు తొక్కడం, తాడాట, కబడ్డీ, బిందెతో నీళ్లు మోయడం అన్నీ చేరతాయి.

వారం చివర తరగతిలోని పట్టికలన్నీ కలిపి బాలురకు, బాలికలకు వేరువేరుగా సగటు కట్టండి. మూడవ గడిలో ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో చూడండి. అది ఫోను అయితే మార్చుకోవలసింది మీరు. మైదానం లేకపోవడమో, పీరియడ్ లేకపోవడమో అయితే ఆ పట్టికను మీ ప్రధానోపాధ్యాయునికి చూపించండి. లెక్కతో అడిగినదానిని కాదనడం కష్టం.