మొదటి వేసవి లోటు ఎవరిది?

క్రొత్తగా రిజిస్టరైన సంఘాల పాలకవర్గ సభ్యులు శిక్షణకు వచ్చినప్పుడు మేము ముందుగా ఒక ప్రశ్న అడుగుతూ ఉంటాం. "మీ సంఘానికి మొదటి వేసవిలో లోటు వస్తే దాన్ని ఎవరు భరిస్తారు?" యూనియన్ ఆదుకోవాలని కొందరంటారు. ప్రభుత్వం ఏదైనా గ్రాంటు ఇవ్వకపోతుందా అని మరికొందరు. అధ్యక్షుల వారే సర్దుబాటు చేస్తారని, ఆయన ప్రక్కన కూర్చుని మరీ చెప్పేవారూ లేకపోలేదు. ఒకసారి ఒక కార్యదర్శి మాత్రం లేచి, "ఆ సంగతి మా ఊళ్ళో ఇంతవరకు ఎవరూ అనుకోలేదండీ" అన్నాడు. అన్నిటికంటె నిజాయితీ గల జవాబు అదే. ఈ పాఠం ఆ ప్రశ్న గురించే.

నగరాలలో చదువుకున్న యువకులు ప్రారంభించే క్రొత్త కంపెనీలను నేడు 'స్టార్టప్'లని పిలుస్తున్నారు. వాటిని ప్రోత్సహించడానికి కేంద్ర ప్రభుత్వం 2016 జనవరిలో ఒక పథకం కూడ ప్రవేశపెట్టింది. ఆనాటి నిర్వచనంలో ప్రైవేటు కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు ఉన్నాయి గాని సహకార సంఘం లేదు. అరవై మంది పాడిరైతులు కలిసి, తలా వంద రూపాయలు వాటాధనం వేసి, ఒక అద్దె గదిలో క్యాన్లు, పరీక్ష సామగ్రి పెట్టుకుని పని మొదలుపెడితే అది మాత్రం క్రొత్త వ్యాపారం కాదా? వాటికున్న చిక్కులన్నీ దీనికీ ఉన్నాయి. తేడా ఒక్కటే. అక్కడ మొదటి రెండు మూడేళ్ళ నష్టాన్ని భరించడానికి పెట్టుబడిదారు ఒకడుంటాడు. ఇక్కడ ఆ స్థానంలో ఉన్నది సభ్యుడే. ఈ మాట సభ్యుడికి మనం ముందుగా చెప్పం. లోటు వచ్చాక చెబితే అతడు వినడు.

లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. మీ సంఘం అంకెలు వేసుకుని మళ్ళీ చేయండి. మన ఊళ్ళలో గేదెలు ఎక్కువగా వానలు పడ్డాక, చలికాలం వచ్చేలోపు ఈనుతాయి. సంక్రాంతి నాటికి క్యాన్లు చాలవు. ఏడాదిలో ఎనిమిది నెలలు రోజుకు సగటున 300 లీటర్లు వస్తాయనుకుందాం. ఖర్చులు పోగా కాదు, ఖర్చులకు ముందు, లీటరుకు రూపాయిన్నర సంఘానికి మిగులుతుందనుకుందాం. అంటే నెలకు 13,500 రూపాయలు. కార్యదర్శి జీతం 6,000, సహాయకుడికి 2,500, గది అద్దె, కరెంటు కలిపి 1,500, పరీక్ష ద్రావణాలకు, పుస్తకాలకు 1,000. వెరసి 11,000. నెలకు 2,500 చొప్పున ఎనిమిది నెలలకు 20,000 రూపాయలు మిగులు.

ఇక నాలుగు నెలల వేసవి. పచ్చిమేత ఉండదు, సగం గేదెలు వట్టిపోతాయి. పాలు 200 లీటర్లకు దిగుతాయి. రాబడి నెలకు 9,000. జీతాలు, అద్దె మాత్రం ఎండకు తగ్గవు. నెలకు 2,000 లోటు, నాలుగు నెలలకు 8,000. చలికాలపు మిగులు 20,000 చేతిలో ఉంది గనుక సంఘం నిలుస్తుంది, బోనసుకు కూడ కొంత ఉంటుంది.

కాని జరిగేది ఇంతే కాదు. సరిగ్గా ఈ నాలుగు నెలల్లోనే ప్రైవేటు డెయిరీ ఏజెంటు మోటారు సైకిలు మీద వచ్చి లీటరుకు రెండు రూపాయలు ఎక్కువిస్తానంటాడు. సభ్యులు సగం పాలు అతనికి పోస్తారు. సంఘానికి వచ్చేవి 100 లీటర్లు. రాబడి నెలకు 4,500. లోటు 6,500. నాలుగు నెలలకు 26,000. మిగిలిన 20,000 హరించుకుపోయి ఇంకా 6,000 అప్పు. ఎండ తెచ్చిన లోటు 8,000. తక్కిన 18,000 మనం తెచ్చుకున్నది.

ఇక్కడ ఒక సభ్యుడు లేచి అడగవచ్చు. నిజానికి ఒకచోట అడిగారు కూడ. "ఏజెంటుకు పోసిన వంద లీటర్ల మీద రెండు రూపాయల చొప్పున మాకు నాలుగు నెలల్లో 24,000 ఎక్కువ వచ్చింది. సంఘానికి పోయింది 18,000. ఊరికి ఆరు వేలు లాభమే గదా?" ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయకూడదు. అతని కూడిక తప్పు కాదు. సంఘం ద్రోహం, ఐకమత్యం అని ఉపన్యాసం ఇచ్చి కూర్చోబెడితే రేపటి నుంచి మిగతా సగం పాలు కూడ ఏజెంటు దగ్గరకే పోతాయి.

జవాబు చలికాలపు లెక్కలో ఉంది. ఏజెంటు రెండు రూపాయలు ఎక్కువిస్తున్నది ఊళ్ళో సంఘం ఉంది గనుకనే. సంఘం మూతపడితే మర్నాటి నుంచి ఆ పోటీ ఉండదు. ఎనిమిది నెలల్లో ఆ ఊళ్ళో వచ్చే పాలు 72,000 లీటర్లు. ధర లీటరుకు ఒక్క రూపాయి దించినా 72,000 రూపాయలు ఊరికి నష్టం. పాలు పొంగిన రోజుల్లో "ఈ పూట వద్దు, రేపు తీసుకు రండి" అనే మాట ఈ లెక్కలోకి రానే లేదు. సంఘం లేని రోజులు చూసిన పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఇంకా ఉన్నారు. ఆ సంగతి వారిచేత చెప్పించండి.

వేసవి లోటు ఎవరిదన్న ప్రశ్నకు చట్టమే ఒక జవాబు చెప్పింది. చాలామంది దాన్ని చదవలేదు. ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లో వచ్చింది. ఇటువంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనదే. ప్రభుత్వ వాటాధనం తీసుకోకుండా, తమ సంఘాన్ని తామే నడుపుకోదలచిన వారికోసం చేసిన చట్టం ఇది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణలో కూడ కొనసాగుతున్నది. అందులో 'లోటు రుసుము' అనదగిన ఒక ఏర్పాటు ఉంది. సంఘానికి ఏడాదిలో లోటు వస్తే, బైలాలను, సర్వసభ్య సమావేశ తీర్మానాన్ని అనుసరించి, దాన్ని సభ్యుల ఖాతాలలో వ్రాయవచ్చు. ఏ లెక్కన? సభ్యుడు సంఘం సేవలను వాడుకున్నదాన్ని బట్టి, వాడుకోనిదాన్ని బట్టి కూడ. ఈ 'వాడుకోనిదాన్ని బట్టి' అనే మాటను రెండుసార్లు చదవండి. వేసవిలో సంఘానికి పాలు పోయని సభ్యుడు తన వంతు లోటును తప్పించుకున్నట్లు కాదు. ఎక్కువ వంతు అతనిదే కావచ్చునని దాని అర్థం. 1964 చట్టం క్రింద ఉన్న సంఘాలు ఈ పద్ధతిని యథాతథంగా అనుసరించే ముందు తమ బైలాలు చూసుకోవాలి.

ఆహార భద్రత విషయంలోనూ ఇటువంటి షరతే ఉంది. సహకార సంఘంలో సభ్యుడై, తన మొత్తం పాలు సంఘానికే పోసే రైతు విడిగా నమోదు చేయించుకోనక్కర లేదు. 'మొత్తం పాలు' అని నిబంధనలోనే ఉంది. సగం ఇక్కడ, సగం అక్కడ పోసేవారు ఈ మాట గమనించాలి.

ప్రభుత్వ విధానం ఎప్పుడూ మనకు అనుకూలంగానే ఉంటుందని అనుకోవడం కూడ పొరపాటే. 2006లో శాసనసభ పరస్పర సహాయ చట్టాన్ని సవరించి, పాల సహకార సంఘాలను దాని పరిధి నుంచి తొలగించింది. అదీ వెనుకటి తేదీ నుంచి వర్తించేటట్లు! ఇష్టపడి ఒక చట్టం క్రిందకు వెళ్ళిన సంఘాలు ఒక్క కలంపోటుతో తిరిగి 1964 చట్టం క్రిందివైనట్లు భావించవలసి వచ్చింది. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడ అది రాజ్యాంగ విరుద్ధమనే తేల్చింది. అదే సంవత్సరం చేసిన 97వ రాజ్యాంగ సవరణతో సహకార సంఘం పెట్టుకునే హక్కు 19వ అధికరణంలో చేరింది. ఆ సవరణలోని మరొక భాగాన్ని, రాష్ట్రాలలోని సంఘాలకు సంబంధించినంతవరకు, 2021 జూలైలో సుప్రీంకోర్టు తీసివేసినా ఈ హక్కు నిలిచే ఉంది. ఇంత వ్యాజ్యం నడిచింది దేనికి? సంఘం ఎవరిదో తేల్చడానికి. కోర్టు సభ్యులదే అన్నది. సొత్తు సభ్యులదయితే లోటు మాత్రం మరొకరిది ఎట్లా అవుతుంది?

గుజరాత్‌లో ఖేడా జిల్లా రైతులు మొదట చేసిన పని ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. బొంబాయి నగరానికి పాలు సరఫరా చేసే పథకంలో 1945లో అక్కడి పాల సేకరణ పాల్సన్ అనే ప్రైవేటు డెయిరీ చేతిలో పెట్టారు. రైతులు సర్దార్ పటేల్ వద్దకు వెళ్ళారు. సంఘం పెట్టుకోండి, దాన్ని ఒప్పుకోకపోతే పాలు పోయడం మానుకోండి, నష్టానికి మాత్రం సిద్ధపడండి అని ఆయన సలహా. 1946లో పదిహేను రోజులపాటు ఆ రైతులు ఒక్క చుక్క పోయలేదు. త్రిభువన్‌దాస్ పటేల్ ఊరూరా తిరిగారు. ప్రభుత్వం దిగివచ్చింది. ఆ ఏడు డిసెంబరులో యూనియన్ రిజిస్టరయింది. తర్వాత వచ్చిన 'అమూల్' పేరు అందరికీ తెలుసు. ఆ పదిహేను రోజుల రాబడి పోగొట్టుకున్న సంగతి తెలిసినవారు తక్కువ. వారి మూలధనం మొదట అదే.

అంత దూరం పోనక్కర లేదు. కరీంనగర్ ప్రాంతపు ముల్కనూరులో మహిళలు 1995 చట్టం క్రింద తమ పాల యూనియన్‌ను పెట్టుకుని 2000లో 'స్వకృషి' డెయిరీని ప్రారంభించారు. 1991 తర్వాత ప్రైవేటు డెయిరీలకు తలుపులు తెరుచుకుని, పల్లెల్లో పోటీ హెచ్చిన కాలమది.

సభ్యులు ఏజెంటు వైపు మొగ్గడానికి ధర ఒక్కటే కారణం కాదని కూడ చెప్పాలి. వెన్న శాతం చూసే యంత్రాన్ని గోడ వైపు తిప్పి పెట్టుకున్న కార్యదర్శులను మేము చూశాం. అంకె తనకు కనబడనప్పుడు రైతు మనసులో ఏదో ఒక అంకె వేసుకుంటాడు. అది ఎప్పుడూ సంఘం చెప్పినదానికంటె ఎక్కువే ఉంటుంది. యంత్రాన్ని ఇటు తిప్పడానికి ఖర్చు లేదు.

డబ్బు చెల్లింపు సంగతి మా వైపు వారికి సంబంధించింది. రోజుకు 300 లీటర్లు, లీటరు 45 రూపాయలైతే పది రోజుల బిల్లు 1,35,000 రూపాయలు. సంఘం వాటాధనం ఆరు వేలు. యూనియన్ నుంచి బిల్లు వారం ఆలస్యమైతే ఆ ఆరు వేలతో ఎవరికి సర్దగలరు? ఏజెంటు జేబులో నోట్లు పెట్టుకుని వస్తాడు. సభ్యుణ్ణి మొత్తం పాలు పోయమని అడిగే హక్కు, చెప్పిన తేదీకి డబ్బు ఇచ్చే యూనియన్‌కే ఉంటుంది. ఆలస్యం జరిగిన సంఘాలు తేదీలతో సహా మాకు వ్రాయండి.

ఫిబ్రవరి సమావేశానికి ముందు కార్యదర్శులు చేయవలసిన పని ఇది. పాలు పోసే రిజిస్టరులో ప్రతి సభ్యుని పేరు ఎదుట మూడు గళ్ళు గీయండి. డిసెంబరు, జనవరి నెలల సగటు ఒక గడిలో, నిరుటి ఏప్రిల్, మే నెలల సగటు రెండవ గడిలో వేయండి. ఆ నెలల్లో ఆ ఇంట్లో వట్టిపోయిన గేదెలెన్నో అడిగి మూడవ గడిలో వ్రాయండి. గేదె వట్టిపోయి తగ్గిన పాలకు ఎవరినీ అనవద్దు. పాలిచ్చే గేదె ఉండి తగ్గిన పేర్లను సమావేశంలో చదివి వినిపించవద్దు కూడ. అధ్యక్షుడు, మరొక సభ్యుడు కలిసి ఆ ఇళ్ళకు వెళ్ళి ఎందుకు తగ్గించారో అడిగి, చెప్పిన కారణాన్ని అదే పేరు ఎదుట వ్రాసుకోవాలి. పాలకవర్గ సభ్యుల ఇళ్ళతోనే మొదలుపెట్టండి.