99 వచ్చినా ఫెయిలే!

మన పరీక్షల్లో 99 వస్తే ఇంట్లోవాళ్ళు వీధంతా స్వీట్లు పంచుతారు. అదే 99 శాతం ఛార్జ్ దక్షత ఉన్న లిథియం-అయాన్ బ్యాటరీని మాత్రం ఎవరూ కొనరు. ఎందుకో నాకు అర్థమైనంతలో చెప్తాను.

ముందు చిన్న లెక్క. ఇన్వర్టర్‌కి వాడే 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీలోకి 11 ఆంపియర్-అవర్లు పంపితే 10 తిరిగొచ్చాయి అనుకుందాం. 10ని 11తో భాగిస్తే సుమారు 91 శాతం. ఇదే ఛార్జ్ దక్షత, మన క్లాసు భాషలో కూలాంబిక్ ఎఫిషియెన్సీ. కానీ ఛార్జ్ చేసేటప్పుడు వోల్టేజ్ 14 దాకా ఉంటుంది, వాడుకునేటప్పుడు 12 దగ్గర ఉంటుంది. అంటే లోపలికి 154 వాట్-అవర్లు వెళ్తే బయటికి వచ్చేవి 120. శక్తి దక్షత 78 శాతమే! కరెంటు బిల్లు వచ్చేది ఈ రెండో లెక్క మీదే.

సరే, ఆ పోయిన 1 ఆంపియర్-అవర్ ఎటు పోయింది? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. లెడ్-యాసిడ్‌లో ఛార్జింగ్ చివరికొచ్చేసరికి కొంత కరెంటు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది. అందుకే అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోస్తాం, అందుకే ఆ బ్యాటరీని గాలి ఆడే చోట పెట్టమంటారు. పోయింది చాలావరకు నీరే కాబట్టి మళ్ళీ పోసుకోవచ్చు.

లిథియం-అయాన్‌లో ఆ వీలు లేదు. సెల్‌కి సీలు వేసేసి ఉంటుంది. ఛార్జ్ చేసిన ప్రతిసారీ కొద్దిపాటి లిథియం, గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీద ఏర్పడే పలుచని పొరలో చిక్కుకుపోతుంది. ఆ పొర ఎలక్ట్రోడ్‌కి రక్షణే, కానీ అందులో చిక్కిన లిథియం ఇక పనికి రాదు.

చక్రవడ్డీ గుర్తుందిగా? ఇది తిరగేసిన చక్రవడ్డీ. దక్షత 99 శాతమైతే 100 ఛార్జింగ్‌ల తర్వాత మిగిలేది సుమారు 37 శాతం. 99.9 అయితే 500 తర్వాత 61 శాతం. 99.99 అయితే అదే 500 తర్వాత 95 శాతం! నిజమైన సెల్‌లో ఇంకా చాలా కారణాలు కలుస్తాయి గానీ, దారి మాత్రం ఇదే. ఎలక్ట్రిక్ స్కూటర్‌లో అన్నిటికన్నా ఖరీదైన భాగం బ్యాటరీయే. అది ఎన్నేళ్ళు నడుస్తుందో దశాంశ బిందువు తర్వాతి అంకెలు తేలుస్తున్నాయన్నమాట.

కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం ఈ చిన్న తేడాలను పట్టుకునేంత కచ్చితమైన ఛార్జింగ్ పరికరాలు తయారుచేసింది. ఏ సెల్ ఎక్కువకాలం మన్నుతుందో చూడ్డానికి ఏళ్ళ తరబడి ఆగక్కర్లేదు, కొన్ని వారాల కొలతలతోనే అంచనా వేయొచ్చు.

కాబట్టి మిత్రులారా, ప్రాజెక్టు రిపోర్టులో "బ్యాటరీ దక్షత 95 శాతం" అని రాసేముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఏ దక్షత? మిగిలిన 5 ఎటు పోయింది?