మోటారుబండి బ్యాటరీ: పనిచేయు విధము, ఎన్నుకొను పద్ధతి

తొలకరి జల్లు పడి నేల పదునుకు వచ్చినది. రైతు ట్రాక్టరెక్కి తాళముచెవిని త్రిప్పును. 'టక్కు' మను చప్పుడే గాని ఇంజను తిరుగదు. ఇంజనులో లోపము లేదు, డీజిలు కొరవడలేదు. వేసవియంతయు కదలక కొట్టములోనున్న బండిలో బ్యాటరీ నిర్జీవమైనది. పదును ఆరకముందే దుక్కి సాగవలెను గదా! కారునకు గాని, జీపునకు గాని, ట్రాక్టరునకు గాని సాధారణముగా అమర్చునది సీసపు బ్యాటరీయే. అది పనిచేయు విధము తెలిసినచో మంచిదానిని ఎన్నుకొనుటయు, కాపాడుకొనుటయు సులభమగును.

బ్యాటరీలో ఏమున్నది?

బ్యాటరీ విద్యుత్తును పోసి దాచు కుండ యని పలువురు తలంతురు. అది సరికాదు. బ్యాటరీ శక్తిని రసాయన రూపమున నిలువచేయును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో ఈ తరగతి బ్యాటరీని కనిపెట్టెను. నేటికిని మూలసూత్ర మదియే. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది రమారమి 2 వోల్టుల నిచ్చును. ప్రతి గదిలోను ధన పలకలు, ఋణ పలకలు ఒకటి విడిచి ఒకటిగా నిలిచియుండును. ధన పలకలపై సీసపు డయాక్సైడు, ఋణ పలకలపై గుల్లగానున్న సీసము కలవు. వీని నడుమ నుండునది నీరు కలిపిన గంధకికామ్లము.

విద్యుత్తును వాడుకొనునపుడు ఆమ్లము పలకలతో కలియును. అపుడు రెండు విధముల పలకలపైనను సీసపు సల్ఫేటు ఏర్పడి, ద్రవము పలుచనగును. ఇంజను నడచునపుడు ఆల్టర్నేటరు విద్యుత్తును బ్యాటరీలోనికి పంపగా, సల్ఫేటు విడిపోయి ఆమ్లము మరల చిక్కబడును. ఇదియే ఛార్జి యగుట. ఛార్జి దిగిన బ్యాటరీని వారముల తరబడి అట్లే విడిచినచో సల్ఫేటు గట్టి స్ఫటికములుగా మారి, పలకలు తిరిగి కోలుకొనవు. వేడిమి మరియొక శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు హెచ్చినచో బ్యాటరీ ఆయువు ఇంచుమించు సగమగునని స్థూలమైన లెక్క.

కొనునపుడు చూడవలసినవి

మొదటిది పరిమాణము. బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన ఆంపియర్-గంటల బ్యాటరీనే కొనవలెను. 80 ఆంపియర్-గంటల బ్యాటరీ యనగా 4 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇయ్యగలది.

రెండవది తయారైన తేది. బ్యాటరీ అంగడిలో ఊరకున్నను కొంచెము కొంచెముగా ఛార్జి కోల్పోవును. తయారై ఆరు నెలలు దాటినదానిని వలదనుట మేలు. వోల్టుమీటరుతో కొలిపించవలెను. నిండు ఛార్జిగల బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు లోబడినదానిని తీసికొనరాదు.

మూడవది పూచీపత్రము. ఎన్ని నెలలు ఉచితముగా మార్చి యిత్తురో, తరువాత ఎన్ని నెలలు ధరలో తగ్గింపు మాత్రమే యిత్తురో విడివిడిగా చదివించుకొనవలెను. తేది వేసిన రసీదు లేనిదే పూచీ చెల్లకపోవచ్చును.

నాల్గవది ఉపయోగము. బండి బ్యాటరీ పలకలు పలుచనివి. కొన్ని క్షణములపాటు వందల ఆంపియర్లిచ్చి ఇంజనును త్రిప్పుటకే అవి నిర్మింపబడినవి. దానితో ఇంట దీపములు, పంకాలు రాత్రియంతయు నడపినచో త్వరలో చెడును. ఇంటికి ఇన్వర్టరు బ్యాటరీ వేరుగా కొనవలెను.

పోషణ, జాగ్రత్త

మూతలున్న బ్యాటరీలో నెలకొకసారి ద్రవమట్టము చూచి, తగ్గినచో స్వేదనజలము మాత్రమే పోయవలెను. బావినీరు గాని, ఆమ్లము గాని పోయరాదు. బండి చాలకాలము నిలిపియుంచునపుడు ఋణధ్రువపు తీగను విప్పి, నెలకొకసారి ఛార్జి చేయించవలెను. బ్యాటరీని తీయునపుడు ఋణధ్రువపు తీగను ముందుగా విప్పి, బిగించునపుడు చివర బిగించవలెను.

ఛార్జి యగునపుడు ఉదజని వెలువడును. అది నిప్పురవ్వ తగిలిన ప్రేలును. కావున చెంత బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. కంట ఆమ్లము పడినచో వెంటనే మంచినీటితో పదునైదు నిమిషములకు తక్కువ కాకుండ కడిగి, వైద్యుని కడకు పోవలెను.

పాత బ్యాటరీని ఏమి చేయవలెను?

సీసము కొరకు పాత బ్యాటరీని ఇంటిముంగిట పగులగొట్టి కరగించుట మిక్కిలి ప్రమాదకరము. సీసపు ధూళి, పొగ పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. ఆ హాని తరువాత మానునది కాదు. భారత ప్రభుత్వము 2022లో ప్రకటించిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము పాత బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించు బాధ్యత తయారీదారులది. పాతదానిని అంగడివానికి అప్పగించినచో క్రొత్తదాని ధరలో కొంత తగ్గించుట వాడుక. రైతునకు ఆదాయము, బిడ్డలకు ఆరోగ్యము రెండును దక్కు మార్గమిదియే.

వేసవిలో నెలకొక్క పూట బ్యాటరీకై వెచ్చించిన రైతునకు, ఏరువాకనాడు మెకానిక్కు కొరకు ఎదురుచూడవలసిన అగత్యము అరుదుగా కలుగును.